గడియ పడే షాట్

తెరమీద నిచ్చెన కదలడం ఆగిపోయింది. గదిలో అందరూ ఒకేసారి మాట్లాడారు.

"బాగుందక్కా," అంది లేఅవుట్లు చేసే అమ్మాయి.

"సూపర్," అన్నాడు సౌండ్ చూసే అతను, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

బాసు కుర్చీలో వెనక్కి వాలి చేతులు తల వెనక పెట్టుకున్నాడు. "మొదటిసారికి ఇంతకంటే ఏం కావాలి? పంపించేద్దాం," అన్నాడు.

ఆ వీడియో చేసినామెని ఆఫీసులో మచ్చలక్క అంటారు. వస్తువుల ఫోటోల్లో దుమ్ము, గీతలు, వేలిముద్రలు తుడిచిపెట్టడం ఆమె పని. ఆ పేరు పెట్టింది ఆఫీసులో అందరికంటే పెద్దవాడైన మేస్టారు. మొదట్లో కోపం వచ్చింది గానీ, ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో అనుకుని పక్కకి చూస్తుంది. ఇన్నేళ్ళలో మచ్చలేని ఫోటో ఒక్కటీ ఆమె చేతికి రాలేదు. మరి తను మొట్టమొదట చేసిన యానిమేషన్‌లో ఒక్క మచ్చా లేదంటే ఎలా నమ్మడం?

ఇళ్ళల్లో వాడుకునే మడత నిచ్చెన అది. తెల్లటి నేలమీద ముడుచుకుని నిలబడ్డది మెల్లగా కాళ్ళు చాపుకుంటుంది. మెట్లు ఒక్కొక్కటే పరుచుకుంటాయి. చివర్లో కెమెరా పక్కకి జరిగి, రెండు కాళ్ళనీ కలిపే ఉక్కు పట్టీ దగ్గరికి వెళ్తుంది. అక్కడో గడియ. దాని నాలుక గాడిలోకి జారి టక్కుమని కూర్చుంటుంది. ఆ టక్కు కోసం ఆమె ఇంట్లో బాత్రూమ్ గడియ వేసీ తీసీ ఫోన్‌లో రికార్డు చేస్తుంటే, అత్తగారు బయటి నుంచి, "లోపల ఇరుక్కుపోయావా అమ్మాయ్," అని అడిగింది. ఉక్కు మరీ కొత్తగా మెరుస్తోందని, జీవితమంతా గీతలు తుడిచిన చేత్తోనే గడియ మీద సన్నటి గీతలు గీసింది. నిజం వస్తువులా కనబడాలని.

వీటి గురించి ఎవరూ ఏమీ అనలేదు. మేస్టారైతే మరీను. సరళరేఖ గీసి చూపించినా వంకరెక్కడుందో చెప్పే మనిషి. ఆఫీసులో ఈ యానిమేషన్ పని ఆయనకే వచ్చు, ఆమెకి నేర్పిందీ ఆయనే. ఇవాళ తెర ముందుకి కుర్చీ లాక్కుని, ముక్కు ఆనేంత దగ్గర కూర్చుని, అంతా చూసి, "బానే చేశావమ్మాయ్," అని లేచి వెళ్ళిపోయాడు.

బానే. ఆయన నోట ఎన్నడూ వినని మాట. ఇది మెచ్చుకోలు కాదు, వదిలించుకోవడం అనిపించింది ఆమెకి.

మధ్యాహ్నం మెట్లమీద ఆయన ఫోన్లో మాట్లాడుతుండగా ఆమె కిందనుంచి ఎక్కి వస్తోంది. "అమ్మాయికి ఇప్పుడే చెప్పకండి. ముందు పని అయిపోనీండి, తరవాత నేనే చెబుతాను," అంటున్నాడు. ఆమెని చూసి ఫోను జేబులో వేసేసుకున్నాడు. "భోజనం అయిందా?" అని అడిగాడు. ఆయన ఎప్పుడూ ఆ మాట అడగడు.

*

నిచ్చెన కంపెనీవాళ్ళ అభిప్రాయాలు మర్నాటికే వచ్చాయి. బాసు వాటిని ఆమెకి పంపించి, "చూసి సరిచెయ్యి," అన్నాడు. లోగో పెద్దది కావాలి. రబ్బరు కాళ్ళు మరీ నల్లగా ఉన్నాయి. సంగీతం కాస్త హుషారుగా ఉండాలి. ఇలాంటివే ఇంకొన్ని. ఏ వస్తువు ఫోటోలకైనా ఇవే వస్తాయి, అలవాటే. అన్నిటికంటే చివర, విడిగా ఒక వాక్యం ఉంది.

గడియ పడే షాట్ తీసెయ్యండి.

బాగాలేదని లేదు. మార్చమని లేదు. ఎందుకో లేదు. తీసెయ్యమని ఉంది, అంతే.

ఆమె రబ్బరు కాళ్ళ రంగు మార్చింది. లోగో పెంచింది. మళ్ళీ ఆ వాక్యం దగ్గరికే వచ్చింది. మొత్తం పనిలో అదొక్కటే తను మనసు పెట్టి చేసిన షాట్. చూసినవాళ్ళెవరికైనా అది తెలిసిపోతుంది. కాబట్టి దానికే ఎసరు పెట్టినవాడు పని తెలిసినవాడే అయ్యుండాలి. పని తెలిసినవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే. గాజు తలుపు అవతల మేస్టారు తన తెర ముందు వంగి కూర్చుని ఉన్నాడు. ఆయన వీపు చూస్తూ, ఈయన కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి ఏం చెప్పుంటాడు అని మాటలు కూర్చుకుంది. "కొత్త పిల్ల, నేర్చుకుంటోంది, ఆ చివరి ముక్క తీయించండి, రేపు మొత్తం నేను చేసిస్తాను."

సాయంత్రం ఇంట్లో బట్టలు మడతపెడుతూ ఈ సంగతి అత్తగారితో అంది. అత్తగారు లోకంలో ఎవర్నీ నమ్మని మనిషి. పాలవాడు నీళ్ళు కలుపుతాడు, డాక్టరు అక్కర్లేని మందులు రాస్తాడు, టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి కావాలనే తప్పు చెబుతుంది.

"నేర్పినవాడే తొక్కుతాడే," అంది అత్తగారు దుప్పటి కొస పట్టుకుంటూ. "నీకు వచ్చేసిందనుకో, ఆయనతో ఏం పని? ఆయన కడుపుమీద కొట్టినట్టే కదా."

"ఆయన అలాంటివాడు కాదేమో అత్తయ్యా."

"ఎవరూ అలాంటివాళ్ళు కారు, పని పడేదాకా. ఎవర్నీ నమ్మకు. నన్ను కూడా. పంచదార డబ్బా ఊరికే ఖాళీ అవుతోందా?"

ఆమెకి నవ్వొచ్చింది గానీ, దుప్పటి నాలుగు మడతలయ్యేసరికి అత్తగారి మాటే లోపల కూర్చుంది.

షాటు తీసెయ్యలేదు. ఇంకా బాగా చేస్తే నోరు మూసుకుంటారని, పట్టుదలకి పోయి మర్నాడంతా దానిమీదే కూర్చుంది. వెలుగు పక్కనుంచి పడేలా మార్చింది. నాలుక గాడిలోకి దిగేముందు ఒక్క క్షణం తటపటాయించి, అప్పుడు పడేలా చేసింది. పంపించింది.

జవాబు వచ్చింది. లోగో గురించి లేదు, కాళ్ళ గురించి లేదు. ఒక్క వాక్యమే ఉంది.

గడియ పడే షాట్ దయచేసి తీసెయ్యండి.

ఆ దయచేసి చూశాక ఆమెకి ఒళ్ళు మండింది. తిట్టినా ఇంత అనుమానం వచ్చేది కాదు.

*

టీ కాచుకునే మూల దగ్గర మేస్టారు ఒక్కడే ఉన్నాడు. కప్పులో చక్కెర వేసుకుంటూ సగం గట్టుమీద పోశాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మేస్టారూ, ఒక మాట అడుగుతాను. దాచకుండా చెప్పండి. నా షాట్ తీయించమని కంపెనీవాళ్ళకి చెప్పింది మీరేనా?"

ఆయన చెంచా కప్పులో తిప్పడం ఆపాడు. "ఏ షాటు?"

"తెలీనట్టు అడక్కండి. గడియ షాటు. మొన్న మెట్లమీద ఫోన్లో అన్నారుగా, అమ్మాయికి చెప్పకండి, పని అయిపోనీండి అని."

ఆయన ఆమెకేసి చూశాడు. సరిగ్గా ఆమెకేసి కాదు, చెవి పక్కకి. ఆ చూపు ఇన్నాళ్ళూ పొగరనుకుంది.

"అది మా అల్లుడితో," అన్నాడు మెల్లగా. "అమ్మాయంటే మా అమ్మాయి. నిండు నెలలు. ఇప్పుడు దానికి చెబితే కంగారుపడి పరిగెత్తుకొస్తుందని." కప్పు కిందపెట్టి, ఎడమ కంటి మీద చెయ్యి అడ్డంపెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "రెండూ పోతున్నాయమ్మాయ్. పొర. ఎడమది మరీను. వచ్చేవారం ఆపరేషన్ అన్నారు. బాసుకి చెప్పలేదు. చెబితే చూపులేనివాడితో ఏం పని అంటాడు."

ఆమె కప్పు ఆయన చేతికి దగ్గరగా జరిపింది.

"నువ్వు చేసింది నేను చూళ్ళేదు," అన్నాడు ఆయన. "తెల్లగా ఏదో కదిలింది, అంతే కనబడింది. ముందుకి జరిగి కూర్చున్నా ఆనలేదు. అందుకే బానే ఉందన్నాను. అబద్ధమాడాను. కావలిస్తే దానికి తిట్టు."

ఆమె ఆ గట్టుమీది చక్కెర గుడ్డతో తుడిచింది. "టీ చల్లారిపోతోంది మేస్టారూ," అంది.

*

ఆ మధ్యాహ్నమే కంపెనీ సేల్స్ చూసే ఆయన ఫోన్ చేశాడు. బాసు స్పీకర్ పెట్టి ఆమెని పిలిచాడు. సేల్సాయన గొంతులో ఎప్పుడూ పెళ్ళికి పిలుస్తున్నంత సంబరం ఉంటుంది.

"అమ్మా, అద్భుతం. ముఖ్యంగా ఆ చివర్న గడియ పడుతుంది చూశారూ, వీడియోకి అదే ప్రాణం."

ఆమె బాసుకేసి చూసింది. "మరి తీసెయ్యమని రెండుసార్లు రాశారు కదా సార్."

సేల్సాయన గొంతులో సంబరం కాస్త తగ్గింది. "ఎవరు? ఓహ్. మా క్వాలిటీ ఆవిడ రాసుంటుంది. వదిలెయ్యండమ్మా, కోడిగుడ్డుమీద ఈకలు పీకే రకం. ఉంచండి. ఉంచడమే కాదు, ఇంకా దగ్గరగా చూపించండి. జనానికి భయం పోవాలి."

ఫోను పెట్టేశాక బాసు చేతులు రుద్దుకున్నాడు. "చూశావా? ఊరికే బెంగపడ్డావు."

సంతోషించాల్సిన మాటే. ఆమె తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. సేల్సాయన పొగడ్త అంతా ఎటో పోయింది. చివరి మాట ఒక్కటే చెవిలో మిగిలింది. నిచ్చెన అమ్మేవాడికి జనం భయం ఎందుకు గుర్తొచ్చింది? సినిమా మొదలవకముందే, ఎవరూ చావరులెండి, అని టికెట్లమ్మేవాడు చెప్పినట్టుంది.

అసలు నిచ్చెన సామాన్ల గదిలోనే ఉంది. రంగు సరిచూసుకోవడానికి కంపెనీవాళ్ళు పంపిన నమూనా. ఆమె రంగు చూసింది, మెట్లమీది గీతల నమూనా చూసింది. గడియని మాత్రం వాళ్ళిచ్చిన డ్రాయింగ్ చూసి కట్టింది. కొలతలతో సహా ఉంది కదా అని, నిచ్చెన ఒక్కసారీ పూర్తిగా విప్పి చూడలేదు. అది తలచుకుంటే ఇప్పుడు మొహం వేడెక్కింది.

నిచ్చెనని గది మధ్యకి లాగి కాళ్ళు విడదీసింది. గడియ తనంతట తానే జారింది. టక్కుమంది కూడా. చూడ్డానికి పడినట్టే ఉంది. మోకాళ్ళమీద కూర్చుని ఫోన్ వెలుగు వేసి చూసింది. నాలుక గాడి అంచుమీద కూర్చుంది. లోపలికి దిగలేదు. గాడి అవతలి వైపుకీ దానికీ మధ్య వేలిగోరంత సందు.

తీసి మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. అరచేత్తో తట్టింది. అంతే.

మూడో మెట్టు మీదకి కాలు ఎత్తింది, దించేసింది. మంచినీళ్ళ డబ్బా దొర్లించుకొచ్చి, ఒళ్ళు దగ్గరపెట్టుకుని ఎత్తి, ఆ మెట్టుమీద పెట్టింది. ఏమీ కాలేదు. నిచ్చెన అంచు పట్టుకుని, ఎక్కిన మనిషి పైఅరలోకి చెయ్యి చాపితే ఒరిగేటంత, పక్కకి ఒరగనిచ్చింది. నాలుక చప్పుడు లేకుండా అంచుమీదనుంచి జారిపోయింది. కాళ్ళు రెండూ దగ్గరికొచ్చేశాయి. డబ్బా కిందపడి గోడదాకా దొర్లింది.

చప్పుడుకి మేస్టారు తలుపు దగ్గరికొచ్చాడు. "ఏమైంది? పడ్డావా?"

"నేను కాదు, నీళ్ళు. ఇలా రండి. గడియ చూడండి." అన్నాక నాలుక కరుచుకుంది.

ఆయనేం అనుకోలేదు. కిందకి కూర్చుని, బొటనవేలు పట్టీ వెంట జరుపుకుంటూ వెళ్ళి గడియ దగ్గర ఆపాడు. వేలు గాడిలో పెట్టాడు, నాలుకమీద పెట్టాడు, మళ్ళీ గాడిలో పెట్టాడు.

"పొట్టిగా ఉందే," అన్నాడు. "నువ్వు చేసినదాంట్లోనూ ఇలాగే ఉందా?"

"లేదు. నేను చేసినదాంట్లో పూర్తిగా పడుతుంది."

*

బాసుకి చెప్పింది. అతను తలుపు వేసి వచ్చి మరీ విన్నాడు.

"మనం వస్తువు చెయ్యలేదు, బొమ్మ చేశాం," అన్నాడు. "ఉంచమంటే ఉంచుతాం, తీసెయ్యమంటే తీసేస్తాం. నీకంత ఇబ్బందైతే ఆ క్వాలిటీ ఆవిడ మాటే పట్టుకుని తీసెయ్యి. తలనొప్పి వదుల్తుంది. రేపు వాళ్ళ ఆఫీసులో చూపించాలి. అక్కడ నువ్వు నోరు విప్పక్కర్లేదు, బటన్ నొక్కితే చాలు."

తీసెయ్యడం చిటికెలో పని. ఆమె ఆ షాట్ మీద ఎర్రగీత పెట్టింది కూడా. పెట్టాక, కంపెనీకి ఫోన్ చేసి క్వాలిటీ విభాగం కావాలంది.

"ఎవరు?" అంది అవతల ఒక ఆడగొంతు. నెమ్మదైన గొంతు, తలుపు గొలుసు వేసే ఉంచి సందులోంచి మాట్లాడుతున్నట్టుంది.

తను ఎవరో చెప్పింది. "షాట్ తీసెయ్యమని రాసింది మీరేనా మేడమ్?"

"మిమ్మల్ని ఫోన్ చెయ్యమన్నది ఎవరు?"

"ఎవరూ కాదు."

"సేల్స్ వాళ్ళు చెయ్యమన్నారా?"

"ఎవరూ చెయ్యమనలేదండీ. ఇక్కడ నమూనా ఉంది. విప్పి చూశాను."

అవతల ఆవిడ లేచింది. కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు.

"నేను షాటు తీసెయ్యమన్నాను," అంది ఆవిడ. "అంతకంటే నేనేమీ అనలేదు. మీరు నా పేరు చెప్పి ఇంకేమైనా అంటే, నేను కాదంటాను."

"అనను. గడియ డ్రాయింగ్‌లో ఒకలా ఉంది, నమూనాలో..."

"గడియలు ఇప్పుడు కొత్తచోట చేయిస్తున్నారు. నాలుక కురచ. పైకి రాశాను, చెప్పాను. తరవాత చూద్దాం అన్నారు. ఇంకోసారి రాస్తే నా కుర్చీ ఉండదన్నారు." గొంతు ఇంకా తగ్గింది. "ఆ నిచ్చెనని నేను ఆపలేను. మీ వీడియోలో గడియ ఎంత బాగా పడిందో చూశాను. అది చూసి కొన్నవాళ్ళు టక్కుమనగానే ధైర్యంగా ఎక్కేస్తారు. అదొక్కటైనా ఆపుదామనుకున్నాను."

తను ఎవరో కుళ్ళుతో రాశారనుకున్న వాక్యం అది. అభిప్రాయాలు చెప్పినవాళ్ళందరిలో తన పనిని నిజంగా చూసింది ఈవిడొక్కతే.

"తీసేస్తే మాత్రం కొనరా మేడమ్?" అని అడిగింది.

"కొంటారు," అంది ఆవిడ. ఫోను పెట్టేసింది.

*

కంపెనీ ఆఫీసులో పొడుగాటి బల్ల. ఒక చివర యజమానురాలు. అరవై దాటిన మనిషి, అందరూ అమ్మగారంటారు. పక్కన సేల్సాయన, ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు. గోడ దగ్గర వేసిన కుర్చీల్లో మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒకావిడ తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. గొంతు వినకపోయినా ఆవిడెవరో మచ్చలక్కకి తెలిసిపోయింది.

మచ్చలక్క లాప్‌టాప్‌లో రెండు వీడియోలున్నాయి. ఒకదాంట్లో ఆ షాటు లేదు. ఆవిడకేసి చూసింది, కనీసం ఒక్కసారి తల ఊపుతుందేమోనని. ఆవిడ పెన్ను వంకే చూస్తోంది. రేపు ఏదైనా అయితే నేను అననే లేదంటుంది, అనుకుంది. అన్నది కూడా కదా. బాసు మోచేత్తో చిన్నగా పొడిచాడు, కానీ అన్నట్టు.

రెండో వీడియో నొక్కింది.

నిచ్చెన కాళ్ళు చాపింది. మెట్లు పరుచుకున్నాయి. సంగీతం హుషారుగానే ఉంది. కెమెరా పక్కకి జరిగి గడియ దగ్గరికి, సేల్సాయన అడిగినట్టే, ఇంకా ఇంకా దగ్గరికి వెళ్ళింది. సంగీతం ఆగింది. నాలుక జారి గాడి అంచుమీద కూర్చుంది. అక్కడే ఉండిపోయింది. సందులోంచి వెనకాల తెల్లటి నేల కనబడుతోంది. బల్ల చివరివాళ్ళకి కూడా కనబడేంత పెద్దగా.

సేల్సాయన నవ్వాడు. "చిన్న పొరపాటు జరిగినట్టుందమ్మా. గడియ పూర్తిగా పడలేదు. మొన్న బాగుంది కదా, అలా సరిచెయ్యండి."

"సరిచేస్తాను సార్," అంది ఆమె. "మొన్నటిది డ్రాయింగ్ చూసి చేశాను. ఇది మీరు పంపిన నిచ్చెన చూసి చేశాను. కింద కార్లో ఉంది. దేన్నిబట్టి చెయ్యమంటారో చెప్పండి."

బాసు మొహం రంగు మారింది. "ఆమెకి కొత్త, అమ్మగారూ, మొదటి యానిమేషన్..." అని అందుకోబోయాడు.

"మళ్ళీ వెయ్యమ్మా," అంది అమ్మగారు.

వేసింది. అమ్మగారు కళ్ళద్దాలు సరిచేసుకుని చూసింది. "నిచ్చెన పైకి తెప్పించండి," అంది.

వాళ్ళ మనిషి ఒకడు వెళ్ళి తెచ్చాడు. గది మధ్యలో విప్పి పెట్టారు. గడియ టక్కుమంది. సేల్సాయన ముందుకొచ్చి, "చూశారా, పడింది," అన్నాడు. ఎవరూ వంగి చూడలేదు. ఎవరో ఒకరు చూస్తారని ఎవరికివాళ్ళు నిలబడ్డారు. అమ్మగారు ఇంకా తెరమీది సందునే చూస్తుండటంతో సేల్సాయన ఆమె వైపు తిరిగి, "నమూనా కదండీ, అటూ ఇటూ తిరిగి దెబ్బతిని ఉంటుంది," అన్నాడు. మచ్చలక్కకి అది తప్పని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. తను చూసింది ఈ ఒక్క నిచ్చెననే. ఒక్క మాటతో తన పనంతా దెబ్బతిన్న నమూనా అయిపోయింది. గోడవైపు చూడకూడదనుకుంది, చూడలేదు.

"సరే," అంది అమ్మగారు. "అసలు సరుకు ఇంకా బయటికి పోలేదు కదా. గోడౌన్‌లోవి విప్పి చూసి అప్పుడు పంపండి."

"పోలేదండీ. పైవారం నుంచే," అన్నాడు సేల్సాయన.

"వెళ్ళాయి."

గోడ దగ్గరి ఆవిడ లేచి నిలబడింది. పెన్ను ఒక చేతిలో, మూత ఒక చేతిలో ఉన్నాయి.

"సోమవారమే వెళ్ళాయమ్మగారూ. అన్నీ ఇలాగే ఉన్నాయి. నేను చూసే పంపించాను. సంతకం నాదే."

అమ్మగారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. సేల్సాయన ఏదో మొదలుపెడితే చెయ్యెత్తి ఆపింది. తరవాత బల్లమీది ఫోను దగ్గరికి లాక్కుని, "దుకాణాలన్నిటికీ చెప్పండి. ఒక్కటి కూడా అమ్మొద్దని. అమ్మినవాటిని వెనక్కి తెప్పించమని. మిగతా సంగతి తరవాత మాట్లాడదాం, అందరితోనూ," అంది. ఆ అందరితోనూ అన్నప్పుడు ఎవరి వంకా చూడలేదు.

బాసు అప్పటికే బయటికి వెళ్ళిపోయాడు. లాప్‌టాప్ సర్దుకుని మచ్చలక్క నిచ్చెన మడిచింది. ఎత్తబోతే రెండోవైపు ఎవరో పట్టుకున్నారు. ఆ ఆవిడే.

లిఫ్ట్ కోసం ఆగలేదు. మెట్లమీద దింపడం మొదలుపెట్టారు. ఆవిడ ముందు, వెనక్కి నడుస్తూ.

"మీ పేరు చెప్పనన్నాను, చెప్పలేదు," అంది మచ్చలక్క.

"తెలుసు," అంది ఆవిడ. "మిమ్మల్ని నమ్మలేదు. మీరు షాటు లేని వీడియో వేస్తారనుకున్నాను. వేసుంటే నేను లేచేదాన్ని కాదు."

"రేపు మిమ్మల్ని ఏమంటారు?"

"సంతకం నాది కదా. అనాల్సిందే అంటారు." మలుపు దగ్గర ఆగి నిచ్చెన బరువు చేతులు మార్చుకుంది. "మరి మిమ్మల్ని?"

"మళ్ళీ ఫోటోలే ఇస్తారేమో. ఆ పని నాకు బాగానే వచ్చు."

ఆవిడకి నవ్వు రాలేదు, ఆమెకీ రాలేదు. ఇద్దరూ నిచ్చెన కొంచెం పైకెత్తి, గోడకి తగలకుండా తిప్పి, కింది మెట్టుమీద కాలు పెట్టారు.